వాపు లేకపోయినా నొప్పి ఎందుకు ఉంటుంది? కణాల స్థాయిలో ఈ రెండింటికీ ఉన్న సంబంధం ఎంత?

మీ ప్రశ్నను నాకు అర్థమైన మేరకు ముందుగా క్లుప్తంగా చెబుతాను. మీరు నల్లగొండలో ఎం.ఫార్మసీ, ఫార్మకాలజీ చదువుతున్నారు. మర్రిగూడ వైపు ఉండే మీ నాన్నగారికి చాలా ఏళ్లుగా మోకాళ్ల నొప్పి, నడుము నొప్పి ఉన్నాయి. రక్తపరీక్షలో ఇన్‌ఫ్లమేషన్‌ను (గాయానికీ క్రిములకూ శరీరం ఇచ్చే ఎరుపు, వాపు వంటి స్పందనను) సూచించే ఈఎస్ఆర్, సీఆర్‌పీ మామూలుగానే వచ్చాయి, పైకి వాపు కనిపించడం లేదు, అయినా నొప్పి తగ్గడం లేదు. నొప్పినీ ఇన్‌ఫ్లమేషన్‌నూ ఒకే అధ్యాయంలో, ఒకే మందుల కింద చదువుకున్న మీకు ఇది పొసగడం లేదు. ఇన్‌ఫ్లమేషన్ లేనప్పుడు నొప్పి ఎక్కడి నుంచి వస్తోంది, కణాల స్థాయిలో ఈ రెండూ ఎక్కడ కలుస్తాయి, ఎక్కడ విడిపోతాయి, దీని మీద పీహెచ్‌డీ చేయదగినంత పని ఉందా అని అడిగారు.

సూటిగా సమాధానం ఇది. ఇన్‌ఫ్లమేషన్ ప్రధానంగా రోగనిరోధక కణాలు, రక్తనాళాలు చేసే పని. నొప్పి నాడీకణాలు, వెన్నుపాము, మెదడు కలిసి చేసే పని. ఇన్‌ఫ్లమేషన్‌లో విడుదలయ్యే రసాయనాలు నొప్పి నాడుల స్పందన హద్దును కిందికి దించుతాయి కాబట్టి ఈ రెండూ తరచుగా కలిసి కనిపిస్తాయి. అయితే ఆ హద్దును దించేవి ఇంకా చాలా ఉన్నాయి, ఒకసారి దిగిన హద్దు కారణం పోయిన తర్వాత కూడా వెంటనే పైకి లేవకపోవచ్చు. అందుకే వాపు లేని నొప్పీ ఉంది, నొప్పి లేని వాపూ ఉంది. పీహెచ్‌డీకి కావలసినంత పని ఉంది, కానీ ఈ రెండింటినీ విడివిడిగా కొలవడం నేర్చుకున్న తర్వాతే ఆ పనికి విలువ ఉంటుంది.

నేను హైదరాబాద్‌లోని ఒక ప్రయోగశాలలో ఎలుకల నాడీకణాల మీద పనిచేసి, ఆ తర్వాత మహబూబ్‌నగర్‌లో చాలాకాలం ఫార్మకాలజీ బోధించాను. వైద్యుడిని కాను. కాబట్టి మీ నాన్నగారి గురించి చెప్పే మాటలను చికిత్సగా కాక, ఆయనను చూస్తున్న డాక్టరును అడగవలసిన ప్రశ్నలుగా మాత్రమే తీసుకోండి.

ముందుగా నాడి సంగతి చూద్దాం. చర్మంలో, కీళ్లలో, కండరాల్లో హాని కలిగించగల స్పర్శనూ వేడినీ రసాయనాలనూ గుర్తించే నాడీ అంచులను నాసిసెప్టర్లు అంటారు. ఆ పేరు పెట్టినవాడు షెరింగ్టన్, 1906లో. వీటిలో రెండు రకాలు ముఖ్యమైనవి. సన్నని మైలిన్ పొర (నాడి చుట్టూ ఉండే కొవ్వు తొడుగు) ఉన్న ఏ-డెల్టా తంతువులు సెకనుకు సుమారు 5 నుంచి 30 మీటర్ల వేగంతో సంకేతాన్ని పంపుతాయి. మైలిన్ లేని సీ తంతువుల వేగం సెకనుకు 2 మీటర్లకు మించదు. కాలికి రాయి తగిలినప్పుడు మొదట చురుక్కుమనే నొప్పి, ఆ వెనుక నెమ్మదిగా వచ్చే సలుపు వేరువేరుగా తెలియడానికి కారణం ఇదే. ఈ తంతువుల కణదేహాలు వెన్నుపాము పక్కన ఉండే డోర్సల్ రూట్ గాంగ్లియాలనే నాడీకణాల ముడులలో ఉంటాయి. మీరు ప్రయోగశాలలో చేరితే ఎక్కువ కాలం గడిపేది ఈ గాంగ్లియాలతోనే.

ఈ నాడీ అంచుల పొరలో అయాన్ చానళ్లు, అంటే విద్యుదావేశం ఉన్న అయాన్లను లోపలికి వదిలే ద్వారాలు, ఉంటాయి. వాటిలో బాగా పరిశోధించినది టీఆర్‌పీవీ1. డేవిడ్ జూలియస్ బృందం 1997లో దీని జన్యువును వేరుచేసింది, అదీ మిరపకాయలోని క్యాప్సైసిన్‌ను ఆధారంగా చేసుకుని. సుమారు 43 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడికి, ఆమ్లత్వానికి, క్యాప్సైసిన్‌కు ఈ చానల్ తెరుచుకుని కాల్షియం, సోడియం అయాన్లను లోపలికి వదులుతుంది. స్పర్శను, ఒత్తిడిని గుర్తించే పీజో చానళ్లను ఆర్డెమ్ పటపూటియన్ బృందం 2010లో కనుగొన్నది. 2021 నోబెల్ బహుమతి వీరిద్దరికీ వచ్చింది. మిర్చి కల్లాల్లో తొడిమలు తీసే కూలీల చేతులు సాయంత్రానికి భగ్గుమని మండడం మనవైపు అందరికీ తెలిసినదే. అక్కడ చర్మం నిజంగా కాలలేదు, కేవలం ఈ చానల్ తెరుచుకున్నది. అంటే కణజాలానికి హాని లేకుండానే, ఇన్‌ఫ్లమేషన్ మొదలుకాకుండానే నొప్పి పుట్టగలదు.

ఇక ఇన్‌ఫ్లమేషన్ వైపు నుంచి చూద్దాం. ఎరుపు, వాపు, వేడి, నొప్పి అనే నాలుగు లక్షణాలను క్రీస్తుశకం మొదటి శతాబ్దంలోనే రోమన్ రచయిత సెల్సస్ ఒకచోట చేర్చి రాశాడు. నొప్పిని ఇన్‌ఫ్లమేషన్‌లో ఒక భాగంగా చూసే అలవాటు అంత పాతది. గాయం తగిలినచోట రోగనిరోధక కణాలైన మాస్ట్ కణాలు హిస్టమిన్‌ను, మాక్రోఫేజ్‌లు టీఎన్‌ఎఫ్, ఐఎల్-1 బీటా వంటి సైటోకైన్లను (కణాలు ఒకదానికొకటి పంపే సంకేత ప్రోటీన్లను) విడుదల చేస్తాయి. రక్తంలోని ప్రోటీన్ల నుంచి బ్రాడికైనిన్ తయారవుతుంది. కణపొరల్లోని అరాకిడోనిక్ ఆమ్లం నుంచి కాక్స్ ఎంజైములు ప్రోస్టాగ్లాండిన్లను తయారుచేస్తాయి. రక్తనాళాలు వ్యాకోచించి, వాటి గోడల్లోంచి ద్రవం బయటకు వచ్చి వాపు కనిపిస్తుంది. ఇదంతా మీరు చదివినదే కాబట్టి ఇక్కడ ఆగను.

మీరు ఆగవలసినది తర్వాతి మెట్టు దగ్గర. ప్రోస్టాగ్లాండిన్ ఈ2 చాలా సందర్భాల్లో తనంతట తాను పెద్దగా నొప్పి కలిగించదు. అది నాడీ అంచు మీద ఉన్న ఈపీ గ్రాహకాలకు అతుక్కుంటే కణం లోపల సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత అణువు పెరుగుతుంది, ప్రోటీన్ కైనేజ్ ఏ అనే ఎంజైము చైతన్యవంతమవుతుంది, ఆ కైనేజ్ టీఆర్‌పీవీ1కూ, ఎన్‌ఏవీ1.8 అనే సోడియం చానల్‌కూ ఫాస్ఫేట్ తగిలిస్తుంది. బ్రాడికైనిన్ మరో దారిలో, ఫాస్ఫోలైపేజ్ సీ, ప్రోటీన్ కైనేజ్ సీ ద్వారా అదే పని చేస్తుంది. ఫలితంగా 43 డిగ్రీల దగ్గర తెరుచుకోవలసిన చానల్ శరీర ఉష్ణోగ్రతకు దగ్గరలోనే తెరుచుకోగలదు. ఎండలో కమిలిన వీపు మీద గోరువెచ్చని నీళ్లు పోసినా మంట పుట్టడానికి కారణం ఇదే. దీన్ని పెరిఫెరల్ సెన్సిటైజేషన్ అంటారు. ఇన్‌ఫ్లమేషన్‌కూ నొప్పికీ ఉన్న ప్రధానమైన లంకె ఈ ఫాస్ఫేట్ తగిలే చోటనే ఉన్నది, మీ సిద్ధాంత గ్రంథం మొత్తాన్ని ఈ ఒక్క మెట్టు మీద నిలబెట్టవచ్చు.

ఆస్పిరిన్ వంటి మందులు ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఆపుతాయని జాన్ వేన్ 1971లో చూపాడు, 1982లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. పాఠ్యపుస్తకం నొప్పినీ వాపునూ ఒకే అధ్యాయంలో పెట్టడానికి కారణం ఈ మందులు రెండింటినీ కొంత తగ్గించడమే. అయితే ప్రోస్టాగ్లాండిన్ ఆగినంత మాత్రాన బ్రాడికైనిన్, ఎన్‌జీఎఫ్, సైటోకైన్ల దారులు మూసుకోవు. పైగా అవి వేసిన ఫాస్ఫేట్లు, మార్చిన జన్యువ్యక్తీకరణ అప్పటికే నాడీకణంలో ఉన్నాయి. ఉదాహరణకు ఎన్‌జీఎఫ్ అనే వృద్ధికారకం ట్రక్-ఏ గ్రాహకం ద్వారా గాంగ్లియాన్ దాకా ప్రయాణించి, అక్కడ కేంద్రకంలో ఏ ప్రోటీన్లు ఎంత తయారుకావాలో మారుస్తుంది. ఇది గంటల్లో పోయే మార్పు కాదు.

మరో సంగతి విద్యార్థులకు చెప్పినప్పుడల్లా ఆశ్చర్యపోతారు. నాడి కేవలం కబురు మోసేది మాత్రమే కాదు, ఇన్‌ఫ్లమేషన్‌ను తానే పుట్టించగలదు కూడా. సీ తంతువు ఉత్తేజితమైనప్పుడు దాని అంచుల నుంచి సబ్‌స్టెన్స్ పీ, సీజీఆర్‌పీ అనే పెప్టైడ్లు బయటకు వస్తాయి. సీజీఆర్‌పీ రక్తనాళాలను వ్యాకోచింపజేస్తుంది, సబ్‌స్టెన్స్ పీ వాటి గోడలను వదులు చేసి ద్రవాన్ని బయటకు పంపుతుంది. మిర్చి కూలీల చేతులు మండడంతో పాటు ఎర్రబడడం కూడా ఇందువల్లనే. అంతేకాక, 2013లో వచ్చిన ఒక పరిశోధన స్టాఫిలోకాకస్ ఆరియస్ బ్యాక్టీరియా రోగనిరోధక కణాల మధ్యవర్తిత్వం లేకుండా నేరుగా నాసిసెప్టర్లను ఉత్తేజపరచగలదని ఎలుకల్లో చూపింది. కాబట్టి ముందు వాపు, ఆ తర్వాత నొప్పి అనే క్రమం కూడా అన్నిచోట్లా నిజం కాదు.

ఇక వెన్నుపాము. క్లిఫర్డ్ వూల్ఫ్ 1983లో ఎలుకల్లో ఒక గమనింపును ప్రచురించాడు: గాయపడిన భాగం నుంచి కొంతసేపు సంకేతాలు వచ్చిన తర్వాత వెన్నుపాములోని కణాలే సున్నితంగా మారి, మామూలు స్పర్శకు కూడా అధికంగా స్పందించడం మొదలుపెడతాయి. దీన్ని సెంట్రల్ సెన్సిటైజేషన్ అంటారు. ఇందులో గ్లూటమేట్ అనే నాడీ సంకేత రసాయనానికి స్పందించే ఎన్‌ఎండీఏ గ్రాహకాల పాత్ర పెద్దది. నాడి దెబ్బతిన్నప్పుడు మైక్రోగ్లియా అనే వెన్నుపాము రోగనిరోధక కణాలు పీ2ఎక్స్4 గ్రాహకాల ద్వారా చైతన్యవంతమై బీడీఎన్‌ఎఫ్ అనే ప్రోటీన్‌ను విడుదల చేస్తాయని, దానివల్ల నాడీకణాల్లో క్లోరైడ్ సమతౌల్యం చెడి, సాధారణంగా నొప్పిని అణచివేసే గాబా సంకేతం బలహీనపడుతుందని 2003, 2005లలో వచ్చిన పరిశోధనలు చూపాయి. ఇదంతా వెన్నెముక లోపల జరిగే పని. సీఆర్‌పీ పరీక్షకు ఇది అందదు, మోకాలిని తడిమి చూసినా తెలియదు.

వాపూ నొప్పీ వేరు అనడానికి ప్రయోగశాల దాకా వెళ్లనక్కరలేదు. పారాసిటమాల్ గోలీ నొప్పిని తగ్గిస్తుంది, వాపు మీద దాని ప్రభావం చాలా స్వల్పం. మార్ఫిన్ సంగతీ అంతే. మరోవైపు, మధుమేహం ముదిరిన వ్యక్తి పాదానికి చీము పట్టి, ఎర్రగా వాచి ఉన్నా ఆయనకు నొప్పి తెలియకపోవచ్చు, ఎందుకంటే అక్కడ నాసిసెప్టర్ అంచులే క్షీణించాయి. ఇన్‌ఫ్లమేషన్ పూర్తిగా ఉన్నది, వినే నాడి లేదు. మరొక ఉదాహరణ జన్యుశాస్త్రం నుంచి. ఉత్తర పాకిస్తాన్‌లోని 3 కుటుంబాల్లో పుట్టుక నుంచి నొప్పి తెలియని పిల్లలను పరిశీలించి, వారిలో ఎన్‌ఏవీ1.7 సోడియం చానల్‌ను తయారుచేసే ఎస్‌సీఎన్9ఏ జన్యువు పనిచేయడం లేదని 2006లో ప్రకటించారు. వారి గాయాలు, విరిగిన ఎముకలు అన్నీ నిజమైనవే.

సంధివాతంలో ఇచ్చే టీఎన్‌ఎఫ్ వ్యతిరేక మందుల అనుభవం ఇంకా ఆసక్తికరం. ఈ మందు ఇచ్చిన 24 గంటల్లోనే, కీళ్ల వాపు ఇంకా అలాగే ఉండగానే, మెదడులో నొప్పికి సంబంధించిన చైతన్యం తగ్గినట్లు 2011లో ఒక జర్మన్ బృందం స్కాన్లలో చూసింది. అదే మందులతో వాపు, సీఆర్‌పీ పూర్తిగా అదుపులోకి వచ్చినా నొప్పి మిగిలిపోయే రోగులూ ఉన్నారు. అంటే టీఎన్‌ఎఫ్ నాడితో నేరుగా మాట్లాడుతుంది, అయినా మాట్లాడేది అదొక్కటే కాదు.

ఇప్పుడు మీ నాన్నగారి విషయానికి వస్తాను. రెండు జాగ్రత్తలు చెప్పాలి. మొదటిది, ఈఎస్ఆర్, సీఆర్‌పీ మామూలుగా ఉన్నంత మాత్రాన మోకాలిలో ఇన్‌ఫ్లమేషన్ అసలే లేదని కాదు. అవి మొత్తం శరీరపు స్థితిని చెప్పే పరీక్షలు. ఆస్టియోఆర్థరైటిస్‌లో (కీళ్ల అరుగుదలలో) కీలు లోపలి సైనోవియం పొరలో తక్కువ స్థాయి ఇన్‌ఫ్లమేషన్ ఉండి, రక్తంలో అది కనిపించకపోవచ్చు. అలాగే ఎక్స్‌రేలో కనిపించే అరుగుదల తీవ్రతకూ, రోగి చెప్పే నొప్పి తీవ్రతకూ పొంతన బలహీనంగానే ఉంటుంది. మహబూబ్‌నగర్‌లో నాకు తెలిసిన తాపీ మేస్త్రీల్లో ఎక్స్‌రే చూస్తే భయం వేసేవారు నిచ్చెనలెక్కి పనిచేస్తుండేవారు, ఎక్స్‌రే శుభ్రంగా ఉన్నవారు కూర్చుంటే లేవలేకపోయేవారు.

రెండోది మీ ప్రాంతానికి సంబంధించినది. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు వైపు దశాబ్దాల తరబడి బోరు నీళ్లు తాగిన తరం వారిలో నడుము, మోకాళ్లు, మెడ బిగుసుకుపోయి నొప్పి ఉంటే ఎముకల ఫ్లోరోసిస్‌ను పరిగణనలోకి తీసుకోవాలి. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఈ ప్రాంతపు భూగర్భజలాల్లో అది చాలాచోట్ల అంతకు మించి ఉండేది. మిషన్ భగీరథ నీళ్లు వచ్చినా, ఎముకలో ఏళ్ల తరబడి చేరినది వెంటనే పోదు. ఎముక సాంద్రత పెరిగి, స్నాయువులు సున్నం పట్టినట్లు గట్టిపడి, వెన్నెముకలో నాడుల మూలాలు ఒత్తిడికి గురవుతాయి. ఆ నొప్పిలో ఒక భాగం యాంత్రికమైనది, మరొక భాగం నాడి ఒత్తిడి వల్ల వచ్చేది. తొలిదశలో ఇది మామూలు కీళ్లనొప్పుల లాగే కనిపిస్తుంది కాబట్టి పొరబడడం సులభం. నాడి ఒత్తిడి వల్ల వచ్చే నొప్పి మీద డైక్లోఫెనాక్ వంటి మందుల ప్రభావం పరిమితం, ఎందుకంటే అవి ఆపే ప్రోస్టాగ్లాండిన్ అక్కడ ప్రధాన కారణం కాదు. అటువంటి నొప్పికి వైద్యులు గాబాపెంటిన్, ప్రీగాబలిన్, ఎమిట్రిప్టిలిన్, డ్యులాక్సెటిన్ వంటివి ఆలోచిస్తారు. వీటిలో మొదటి రెండూ కాల్షియం చానళ్ల ఆల్ఫా2-డెల్టా ఉపభాగానికి అతుక్కుంటాయి, చివరి రెండూ మెదడు నుంచి కిందికి వచ్చే అణచివేత సంకేతాలను బలపరుస్తాయి. ఏది తగినదో పరీక్షించిన డాక్టరే చెప్పాలి. మీరు అడగవలసిన ప్రశ్నలు ఇవి: కాళ్లలో తిమ్మిర్లు, మంటలు, కరెంటు కొట్టినట్లు ఉండడం ఉన్నాయా, వెన్నెముక ఎక్స్‌రేలో స్నాయువులు గట్టిపడినట్లు ఉన్నదా, నొప్పిలో నాడి పాలు ఎంత?

ఇంతలో ఒక ముఖ్యమైన హెచ్చరిక. మన పల్లెల్లో నొప్పి అనగానే సూది వేయించుకోవడం, మెడికల్ షాపులో నొప్పుల గోలీలు కొనుక్కోవడం అలవాటు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు మూత్రపిండాలకు రక్తప్రవాహాన్ని నిలబెట్టేది కూడా ప్రోస్టాగ్లాండిన్లే. మే నెల ఎండలో పనిచేసి, నీళ్లు తక్కువ తాగి, పైన డైక్లోఫెనాక్ వేసుకుంటే ఆ రక్షణ పోతుంది. ఫ్లోరైడ్‌ను శరీరం నుంచి బయటకు పంపేది కూడా ప్రధానంగా మూత్రపిండాలే కాబట్టి ఫ్లోరోసిస్ ఉన్నవారికి ఇది రెట్టింపు నష్టం. మీ నాన్నగారు చాలాకాలంగా ఈ గోలీలు వాడుతుంటే మూత్రపిండాల పనితీరు చెప్పే సీరం క్రియాటినిన్ పరీక్ష ఆలస్యం చేయకండి.

ఇప్పుడు పరిశోధన విషయం. మొహమాటం లేకుండా చెబుతాను. మన రాష్ట్రంలో ఎం.ఫార్మసీ థీసిస్‌లలో 'ఫలానా ఆకు సారానికి నొప్పి నివారణ, ఇన్‌ఫ్లమేషన్ నివారణ గుణాల పరిశీలన' అనే శీర్షిక ఎంత పరిపాటి అంటే, బహుశా ఊళ్లో మిగిలిన ఆకు ఏదీ ఉండదు. ఎక్స్‌టర్నల్ పరీక్షకుడిగా ఇవి చాలా చదివాను. ఎక్కువగా కనిపించే లోపం ఒకటే: ఒకదాన్ని కొలిచి రెండోదాని గురించి తీర్మానించడం.

ఎలుక పాదంలో వాపు తెప్పించే క్యారాజీనన్ ఎక్కించి ప్లెథిస్మోమీటరుతో పాదం పరిమాణం కొలుస్తారు. 1962లో వింటర్ బృందం ప్రవేశపెట్టిన ఈ పద్ధతి కొలిచేది వాపును మాత్రమే. తొలి గంటలో హిస్టమిన్, సెరొటోనిన్, ఆ తర్వాత ప్రోస్టాగ్లాండిన్లు దానికి కారణం. పరిమాణం తగ్గింది కాబట్టి నొప్పి తగ్గిందని రాయడానికి ఆధారం లేదు. అదే ఎలుక పాదాన్ని వాన్ ఫ్రే తంతువులతో (వేర్వేరు బరువులకు వంగే సన్నని నైలాన్ పోగులతో) తాకి, ఎంత బరువుకు కాలు వెనక్కి లాగుతుందో కొలిచి, హార్గ్రీవ్స్ పరికరంతో వేడికి స్పందించే సమయం కొలిచి ఉంటే రెండు ఫలితాలనూ పక్కపక్కన పెట్టి చూడవచ్చు. అవి ఎక్కడ విడిపోతాయో అక్కడే మీ పరిశోధన మొదలవుతుంది.

ఎసిటిక్ ఆసిడ్ ఎక్కించి ఎలుక మెలికలు తిరగడాన్ని లెక్కించే పద్ధతి సులభం, కానీ నొప్పి తగ్గించని మందులు కూడా అందులో నెగ్గుతాయి. సారం మత్తు కలిగిస్తే ఎలుక కదలదు, దాన్ని నొప్పి తగ్గడంగా రాస్తారు. కనీసం రోటరాడ్ అనే తిరిగే కడ్డీ మీద నడిపించి మత్తు లేదని చూపని థీసిస్‌ను నేను నమ్మను. 55 డిగ్రీల హాట్ ప్లేట్ మీద మార్ఫిన్ బాగా పనిచేస్తుంది, ఆస్పిరిన్ జాతి మందులు బలహీనంగా ఉంటాయి, ఎందుకంటే అక్కడ ఇన్‌ఫ్లమేషన్ లేదు. ఒకే జంతువులో రెండు దశలనూ చూపే ఫార్మలిన్ పరీక్ష నాకు ఇష్టమైనది. మొదటి 5 నిమిషాలు ఫార్మలిన్ నేరుగా టీఆర్‌పీఏ1 చానల్ ద్వారా నాడిని ఉత్తేజపరుస్తుంది, సుమారు 15 నిమిషాల తర్వాత మొదలయ్యే రెండో దశలో ఇన్‌ఫ్లమేషన్, వెన్నుపాము మార్పులు కలిసి ఉంటాయి. మీ మందు ఏ దశను తగ్గించిందన్నదే అది ఎక్కడ పనిచేస్తోందో చెప్పే తొలి సూచన.

కణాల పనిలోనూ ఇదే చిక్కు. ఆర్ఏడబ్ల్యూ 264.7 మాక్రోఫేజ్ కణాలకు ఎల్‌పీఎస్ అనే బ్యాక్టీరియా పదార్థం ఇచ్చి, గ్రీస్ పరీక్షతో నైట్రైట్ (ఇన్‌ఫ్లమేషన్‌కు ఒక గుర్తు) తగ్గిందని చూపితే అది మాక్రోఫేజ్ గురించిన మాట. నాడి గురించి చెప్పాలంటే డోర్సల్ రూట్ గాంగ్లియాన్ కణాలను పెంచి, ఫ్యూరా-2 వంటి రంగుతో కాల్షియం ఇమేజింగ్ చేయాలి, లేదా ప్యాచ్ క్లాంప్ (ఒక్కో కణంలోని విద్యుత్తును కొలిచే పద్ధతి) చేయాలి. నేను చేసినది ఇదే. ముందు క్యాప్సైసిన్ స్వల్పంగా ఇచ్చి స్పందన చూస్తాం, ప్రోస్టాగ్లాండిన్ ఈ2తో కొంతసేపు ఉంచి మళ్లీ ఇస్తే స్పందన పెరగాలి. ఇక్కడ ఒక మెలకువ ఉన్నది: వెంటవెంటనే క్యాప్సైసిన్ ఇస్తే చానల్ తనంతట తానే మొద్దుబారి రెండో స్పందన తగ్గిపోతుంది. ప్రోస్టాగ్లాండిన్ ఇవ్వని కణాలను పక్కన పెట్టుకుని పోల్చకపోతే, మొద్దుబారడాన్ని మందు ప్రభావంగా భ్రమపడడం ఖాయం. ఇంకా బాగా చేయాలంటే మాక్రోఫేజ్‌లను ఎల్‌పీఎస్‌తో ఉత్తేజపరచి, ఆ కణాల చుట్టూ ఉన్న ద్రవాన్ని తీసి నాడీకణాలకు ఇవ్వండి. అప్పుడు మీ మందును మూడుచోట్ల పెట్టి చూడవచ్చు: మాక్రోఫేజ్‌కు, ఆ ద్రవానికి, నాడీకణానికి. మూడింటిలో ఎక్కడ ఆపినప్పుడు స్పందన తగ్గిందో దాన్నిబట్టి అది ఇన్‌ఫ్లమేషన్ మందా, నొప్పి మందా అన్నది తేలుతుంది.

ఈ రంగం ఆశలు పెట్టుకుని దెబ్బతిన్న చరిత్ర కూడా మీరు తెలుసుకోవాలి. సబ్‌స్టెన్స్ పీ గ్రాహకాన్ని అడ్డుకునే మందులు ఎలుకల్లో నొప్పిని తగ్గించాయి, మనుషుల్లో తగ్గించలేదు. అదే జాతికి చెందిన ఎప్రెపిటెంట్ ఇప్పుడు వాంతుల మందు. కాక్స్-2ను మాత్రమే ఆపే రోఫెకాక్సిబ్ గుండెపోటు ముప్పు వల్ల 2004లో మార్కెట్ నుంచి వెళ్లిపోయింది. ఎన్‌జీఎఫ్‌ను పట్టుకునే టనెజుమాబ్ నొప్పిని నిజంగానే తగ్గించింది, కానీ కొందరిలో కీళ్లు వేగంగా క్షీణించడంతో 2021లో ఆ ప్రయత్నం ఆగిపోయింది. 2025 జనవరిలో అమెరికాలో అనుమతి పొందిన సుజెట్రిజిన్ ఎన్‌ఏవీ1.8ను అడ్డుకుంటుంది, ఇన్‌ఫ్లమేషన్‌ను తాకకుండా నొప్పి సంకేతాన్నే ఆపే మందు అది. తాత్కాలికమైన తీవ్ర నొప్పికే ఆ అనుమతి. నడుము నుంచి కాలికి దిగే నాడి నొప్పి మీద చేసిన రెండో దశ పరీక్షలో ఉత్తుత్తి మందు తీసుకున్నవారికీ దాదాపు అంతే ఉపశమనం కలిగింది.

మీకు ప్రశ్న కావాలంటే 2022లో వచ్చిన ఒక పరిశోధనను శ్రద్ధగా చదవండి. నడుము నొప్పి త్వరగా తగ్గినవారిలో మొదట్లో న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు చురుకుగా ఉన్నాయని, నొప్పి నిలిచిపోయినవారిలో ఆ చురుకుదనం కనిపించలేదని అందులో తేలింది. ఎలుకల్లో మొదట్లోనే డెక్సామెథసోన్ లేదా డైక్లోఫెనాక్ ఇస్తే అప్పటికి నొప్పి తగ్గింది కానీ మొత్తం మీద ఎక్కువ రోజులు కొనసాగింది. మనుషుల గణాంకాల నుంచి వచ్చిన భాగం సహసంబంధం మాత్రమే, కాబట్టి దీన్ని చూపి ఎవరి మందూ ఆపించకండి. అయినా ఇన్‌ఫ్లమేషన్ నొప్పిని పెంచేదే కాక ముగించేది కూడా కావచ్చునన్న ఆలోచన మీ అధ్యాయాన్ని తిరగరాసేంత పెద్దది. మనవైపు ఆకులతో పనిచేయాలనే అనుకుంటే, ఆ సారాన్ని తొలిరోజున ఇచ్చినప్పుడు, వారం తర్వాత ఇచ్చినప్పుడు నొప్పి ఎంతకాలం నిలిచిందో వాన్ ఫ్రే తంతువులతో నెలపాటు కొలవండి. మన కళాశాలల్లోనే చేయగల పని ఇది, ఖరీదైన పరికరం అక్కరలేదు, సంస్థాగత జంతు నైతిక కమిటీ అనుమతి మాత్రం తప్పనిసరి.

చోటు గురించి: నల్లగొండ మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయం, పాలమూరు విశ్వవిద్యాలయం దగ్గరలో ఉన్నాయి. ప్యాచ్ క్లాంప్, ఇమేజింగ్ వంటి వాటికి హైదరాబాద్‌లోని నైపర్, సీసీఎంబీ, ఐఐసీటీ వంటి సంస్థల వైపు చూడవలసి ఉంటుంది. రోగుల నమూనాలతో పని కావాలనుకుంటే బీబీనగర్ ఎయిమ్స్ మీకు దగ్గర. సంస్థ పేరు కన్నా అక్కడి గైడు నాడీకణాల మీద స్వయంగా పని చేయించారా లేదా అన్నదాన్ని గత ప్రచురణలు చూసి తేల్చుకోండి. దరఖాస్తులో మీ ప్రణాళిక రాసేటప్పుడు మగ, ఆడ జంతువులు రెండింటినీ చేర్చండి. నాడి దెబ్బతిన్న నొప్పిలో మగ ఎలుకల్లో మైక్రోగ్లియా పాత్ర ప్రధానమైతే, ఆడ ఎలుకల్లో టీ కణాల (మరో రకం రోగనిరోధక కణాల) దారి పనిచేస్తుందని 2015లో కెనడా శాస్త్రవేత్తలు చూపారు. మగ ఎలుకలతో మాత్రమే చేసిన మైక్రోగ్లియా పనికి ఇప్పుడు మంచి పత్రికల్లో మొదటి ప్రశ్న అక్కడి నుంచే వస్తుంది.